పాత పందెపు కారు: జీర్ణోద్ధరణమా, రూపాంతరమా?

1990 వ సంవత్సరము జూలై నెలలో లండను హైకోర్టు న్యాయమూర్తి ఒట్టన్ ఒక విచిత్రమైన వ్యాజ్యములో తీర్పు చెప్పినాడు. ఒక పాత మోటారు కారును కోటి పౌనులకు కొనడానికి ఒక కంపెనీ ఒడంబడిక చేసుకొన్నది. పిమ్మట ఆ కంపెనీయే "మేము కొనదలచినది ఈ కారు కాదు" అని అడ్డము తిరిగినది. అమ్మినవాడు కారును మార్చలేదు. బేరమునాడు చూపిన కారే కోర్టునాడు కూడ ఉన్నది. తగవంతా ఆ కారు తన పేరుకు తగినదా, కాదా అన్న దానిని గురించియే. ఆ పేరు "ఓల్డ్ నంబర్ వన్".

ఈ పేరుకు అంత వెల ఎందుకు వచ్చినదో తెలియవలెనంటే అరవై యేండ్లు వెనుకకు పోవలెను. డబ్ల్యూ. ఓ. బెంట్లీ అను ఇంజనీరు 1919 లో లండనులో బెంట్లీ మోటార్స్ కంపెనీని స్థాపించినాడు. ఫ్రాన్సు దేశములోని లె మాన్ పట్టణములో 1923 నుండి ఏటేట 24 గంటల కారు పందెము జరుగుతూ వచ్చినది. ఆ పందెమును బెంట్లీ కార్లు 1924 లోను, తరువాత 1927 నుండి 1930 వరకు వరుసగా నాలుగు సంవత్సరములును గెలిచినవి. 1929 పందెములో మొదటి నాలుగు స్థానములు బెంట్లీలవే. ఆ ఏడు ముందు నిలిచిన కారు ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజను కలిగిన "స్పీడ్ సిక్స్". దానిని నడిపినవారు వుల్ఫ్ బర్నాటో, టిమ్ బర్కిన్. మరుసటి సంవత్సరము గ్లెన్ కిడ్‌స్టన్ తోడు కాగా బర్నాటో ఆ కారుతోనే మరల గెలిచినాడు. ఒకే కారు లె మాన్ పందెమును రెండుసార్లు గెలువడము అదే మొదలు.

అప్పటివారికి అది పూజనీయ వస్తువేమీ కాదు, పనిముట్టు. 1929 కి, 1930 కి నడుమనే దానిలో చాల భాగములు మారినవి. పందెపు కారును ప్రతి పందెము తరువాత విప్పి, అరిగినవి పారవేసి, కొత్తవి బిగించి, ముందటికన్న వేగముగా పోయేటట్లు సవరించడము యంత్రకారుల నిత్యకృత్యము. 1931 లో బెంట్లీ కంపెనీ అప్పులలో మునిగి రోల్స్ రాయిస్ వారి చేతికి పోయినది. కారు మాత్రము పందెములు మానలేదు. ఆ సంవత్సరమే ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై 500 మైళ్ళ పందెమును గెలిచినది. 1932 లో దానికి మరింత పెద్దదైన ఎనిమిది లీటర్ల ఇంజను అమర్చి మరల ఆ పందెమునకే పంపినారు. ఆ సెప్టెంబరులో క్లైవ్ డన్‌ఫీ నడుపుతూ ఉండగా అది ఏటవాలు బాట అంచు దాటి అవతలికి ఎగిరిపడినది. డన్‌ఫీ మరణించినాడు. అంతకు ముందు సంవత్సరము ఆ కారునే గెలిపించిన జాక్ డన్‌ఫీ అతని అన్న. ఆ ప్రమాదము తరువాత బర్నాటో దానిని బాగుచేయించి, వేరొక తొడుగు తొడిగించి, రహదారిపై తిరిగే కారుగా మార్పించినాడు. ఆ మీదట అది ఎన్నో చేతులు మారి, మరల పందెపు కారు రూపమునకు వచ్చి, కోర్టుకు ఎక్కినది.

కోర్టులో నిపుణులు భాగము భాగమునూ లెక్కపెట్టినారు. 1929 నాటివని నిశ్చయముగా చెప్పదగినవి దానిలో లేనట్లే. 1930 నాటివి కూడ బహు స్వల్పము. ఇంజను వేరు, చట్రము వేరు, తొడుగు వేరు. కొన్నవారి వాదము సబబుగానే కనిపించవచ్చును. కాని న్యాయమూర్తి మరొక దారిని పోయినాడు. ఈ కారు మొదటి రోజున ఉన్న పదార్థముతో ఉన్నదని ఎవరును అనలేరు, కనుక "అసలుది" అనే మాట దీనికి చెల్లదు. కాని ఎక్కడో దొరికిన విడి భాగములను పోగుచేసి కట్టిన నకలు కూడ కాదు. ఇది ఎన్నడును విడిపోయి రెండు కార్లు కాలేదు. ప్రతి మార్పునకు ముందును తరువాతను అది అదే కారుగా వ్యవహారములో ఉన్నది. ఆ పేరుకు హక్కు చెప్పుకోగల కారు లోకములో మరొకటి లేదు. కాబట్టి ఇది "ప్రామాణికమైన" ఓల్డ్ నంబర్ వన్ అని తీర్మానించినాడు. కొన్నవారు ఓడిపోయినారు.

గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడ కథ ఐరోపా వారికి ఈ సందర్భములో తప్పక గుర్తుకు వస్తుంది. పలకలన్నియు మారిన ఓడ పాత ఓడయేనా? మనకు అంత దూరము పోవలసిన పని లేదు. పూరీ జగన్నాథుని దారువిగ్రహములను నవకళేబరోత్సవములో మార్చి కొత్తవి ప్రతిష్ఠిస్తారు. కడపటిసారి 2015 లో జరిగినది. కొయ్య కొత్తది, దేవుడు కొత్తవాడని ఎవరును అనరు. అక్కడ పరంపర తెగకుండుట ముఖ్యము గాని కొయ్య వయస్సు కాదు. ఒట్టన్ తీర్పు సారమును ఇంతకన్న సులభముగా చెప్పడము కష్టము.

అయితే ఈ తీర్పు యజమాని చిక్కును తీర్చలేదు. పాత స్పోర్ట్స్ కారు ఒకటి చేతికి వచ్చినవాని ముందు మూడు దారులు ఉన్నవి. కారఖానా నుండి వచ్చిన నాటి స్థితికి దానిని తెచ్చుట జీర్ణోద్ధరణము. ఉన్నది ఉన్నట్లు నిలిపి, చెడిపోకుండ కాపాడుట పరిరక్షణము. నేటి అవసరమునకు తగినట్లు మార్చుట రూపాంతరము. మొదటి రెండింటిని ఒకటిగా భావించేవారు చాలమంది ఉన్నారు. నిజమునకు ఆ రెండును చాల సందర్భములలో పరస్పర విరుద్ధములు.

అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున పెబుల్ బీచ్ అనుచోట 1950 నుండి కార్ల అందాల పోటీ జరుగుతున్నది. మొదటి సంవత్సరములలో అక్కడ గెలిచినవి ఎక్కువగా కొత్త కార్లే. 1955 లో ఫిల్ హిల్ అను యువకుడు తమ ఇంటి 1931 నాటి పియర్స్ యారో కారును బాగుచేసి తెచ్చి ప్రథమ బహుమానము పొందినాడు. ఈ హిల్ 1961 లో ప్రపంచ కారు పందెముల విజేత అయినాడు. నాటి నుండి పాత కార్ల జీర్ణోద్ధరణము ఒక కళగాను, క్రమముగా ఒక వ్యాపారముగాను పెరిగినది. పోటీ పెరిగినకొలది మెరుగు పెరిగినది. చివరకు కారఖానాలో ఎన్నడును లేనంత నునుపు, లేనంత తళుకు పాత కార్లకు వచ్చినవి. పెండ్లికూతురికి చేసిన అలంకారము ముత్తవ్వకు చేసినట్లు.

ఇక్కడ రంగును గురించి కొంచెము చెప్పుకోవలెను. 1920 ల నడిమి కాలము నుండి మోటారు కార్లకు నైట్రోసెల్యులోజు లాకరు పూయసాగినారు. దూదిలో ఉండే సెల్యులోజును నైట్రికామ్లముతో చర్య పొందించి, వచ్చిన పదార్థమును ద్రావకములో కరిగిస్తారు. ద్రావకము ఆవిరి కాగా సన్నని పొర మిగులుతుంది. అంతకు ముందు నూనె వార్నిషు ఆరడానికి రోజులు, వారములు పట్టేది. ఇది కొన్ని గంటలలో ఆరిపోయేది. కాని ఏండ్లు గడచినకొద్దీ ఈ పొర పెళుసెక్కి, ఎండకు పసుపువారి, ఎండిన చెరువు మట్టివలె సన్నని బీటలు దేరుతుంది. నేటి పాలీయురితేను రంగు వేరు జాతిది. రెండు ద్రవములు కలిసి, రసాయనిక చర్యవలన గట్టిపడే పొర అది. అద్దమువలె మెరుస్తుంది, చాలకాలము నిలుస్తుంది. పాత కారుకు ఈ కొత్త రంగు వేసినవాడు జీర్ణోద్ధరణము చేసినాననుకొంటాడు. అతడు చేసినది రూపాంతరమే. పైగా గీకివేసిన పాత పొరలో చరిత్రకు సాక్ష్యము ఉన్నది: మొదట ఏ రంగు, పందెపు అంకె ఎక్కడ వ్రాసినారు, ఏ ప్రక్క దెబ్బ తగిలి మరల పూసినారు. రంగు ఎన్నిసార్లయినను వేయవచ్చును; మొదటి పొర మాత్రము ఒక్కసారే ఉంటుంది.

ఈ సంగతిని గట్టిగా పట్టినవాడు ఫిలడెల్ఫియా నగరములోని నాడీ శస్త్రవైద్యుడు ఫ్రెడరిక్ సిమియోన్. పందెపు కార్లను సేకరించి ఆయన అక్కడ ఒక మ్యూజియము నెలకొల్పినాడు. వాటిలో ఒకటి 1964 లో కరోల్ షెల్బీ కర్మశాలలో పీటర్ బ్రాక్ రూపకల్పనపై తయారైన డేటోనా కూపే. ఆ తరహావి మొత్తము ఆరే తయారైనవి, ఇది మొదటిది. 1965 నవంబరులో బానెవిల్ ఉప్పు మైదానముపై ఇది అనేక వేగపు రికార్డులు నెలకొల్పినది. తరువాత చాల ఏండ్లు ఒక మూల పడి ఉన్నది. సిమియోన్ చేతికి వచ్చినప్పుడు దానిని కొత్తదానివలె తయారుచేయించుట ఆయనకు కష్టము కాదు. ఆయన ఆ పని చేయలేదు. గీతలతో, గాట్లతో నిలిపినాడు. 2014 లో అమెరికా జాతీయ చారిత్రక వాహనముల పట్టికలో మొట్టమొదట ఎక్కిన కారు ఇదే. సిమియోన్ 2022 లో మరణించినాడు. శస్త్రవైద్యుడై ఉండి కత్తి పెట్టకుండా నిగ్రహించుకొన్నాడని అనవలెను.

పరిరక్షణమును అంత్యకోటికి తీసుకొనిపోయిన ఉదాహరణము కూడ ఒకటి ఉన్నది. స్విట్జర్లండు, ఇటలీల మధ్యనున్న మజ్జోరే సరస్సులో, అస్కోనా గ్రామము వద్ద, 50 మీటర్లకు మించిన లోతున 1925 నాటి బుగాట్టి బ్రెషియా కారు ఒకటి సుమారు 70 సంవత్సరములు పడి ఉన్నది. సుంకము చెల్లించనందున అధికారులు దానిని గొలుసు కట్టి నీటిలోకి దింపినారనిన్నీ, గొలుసు తుప్పుపట్టి తెగిపోగా అడుగున చేరినదనిన్నీ చెప్తారు. పందెపు కారు నడిపే రెనే డ్రేఫ్యూస్ దానిని పేకాటలో పోగొట్టుకొన్నాడన్న కథ కూడ దానిని అంటుకొని ఉన్నది, కథగానే వినవలెను. 1967 లో ఈతగాళ్ళు దానిని కనుగొన్నారు. 2009 జూలైలో గ్రామస్థులు పైకి తీసినారు. 2010 జనవరిలో పారిస్‌లో వేలము వేయగా 2,60,500 యూరోలు పలికినది. ఆ సొమ్ము, దాడిలో మరణించిన ఒక స్థానిక యువకుని పేర స్థాపించిన ధర్మనిధికి చేరినది. దానిలో ఐదవ వంతు మాత్రమే తిరిగి వాడుకొనవచ్చునని వేలము నాటి అంచనా. కొన్న పీటర్ మల్లిన్ అందులో ఒక మేకునైనను మార్చక, తుప్పుతోనే కాలిఫోర్నియాలోని తన మ్యూజియములో ప్రదర్శనకు పెట్టినాడు. దానిని బాగుచేసి ఉంటే నాలుగు వంతులు కొత్త కారు అయ్యేది, సరస్సులో ఉన్న కాలము మాయమయ్యేది. ఇక్కడ ఆయన నిర్ణయమే సరియైనది.

కాని అన్ని కార్లును సరస్సు అడుగునుండి రావు. నడిచే కారు నడవక తప్పదు. నడిచే కారు ఎదుట ఇతరుల ప్రాణములు ఉంటవి. 1948 లో లండను ప్రదర్శనలో వెలువడిన జాగ్వార్ ఎక్స్‌కే 120 ను చూడండి. పేరులోని 120 గంటకు పోగల మైళ్ళను సూచిస్తుంది. దాని బ్రేకులు డ్రమ్ము బ్రేకులు. సుమారు 1300 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 5 లక్షల జౌళ్ళు. వేగము రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లు, అనగా 20 లక్షలు. బ్రేకు చేయగలిగినదల్లా ఈ శక్తిని వేడిగా మార్చుటయే. నాలుగు డ్రమ్ములలో కలిపి 40 కిలోల ఇనుము ఉన్నదనుకొంటే, 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆపినందుకే దాని ఉష్ణోగ్రత 27 డిగ్రీలు పెరుగుతుంది. కొండ దారిలో చల్లారే వ్యవధి లేకుండా పదిసార్లు ఆపితే చెప్పనక్కరలేదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లోపలి బూట్లకు దూరమవుతుంది. ఘర్షణ గుణకము తగ్గిపోతుంది. పాదము నేలకు తగిలినా కారు ఆగదు.

ఆ దోషమును జాగ్వార్ వారే గుర్తించినారు. డన్‌లప్ వారితో కలిసి డిస్కు బ్రేకులు తయారుచేసినారు. డిస్కు గాలికి తెరచుకొని ఉంటుంది. వేడికి లావెక్కినా బిళ్ళలకు దగ్గరవుతుందే గాని దూరము కాదు. వీటిని తొడిగిన సి టైపు కారు 1953 లె మాన్ పందెమును గెలిచినది. 1957 నాటి ఎక్స్‌కే 150 లో ఈ బ్రేకులు సాధారణ కొనుగోలుదారులకు కూడ లభించినవి. ఇప్పుడు 120 యజమాని తన కారుకు డిస్కు బ్రేకులు పెట్టించుకొంటే తప్పా? రహదారిపై తిరిగే ఉద్దేశ్యము ఉన్నవానికి తప్పు కాదు. పాత డ్రమ్ములను పారవేసినా, తూకమునకు అమ్మినా తప్పే. మార్పు ఎంతటిదైనను తిరిగి వెనుకకు పోగల దారి మూసివేయరాదు. ఈ ఒక్క నియమముతో చాల తగవులు తీరుతవి.

అన్నియు తీరవు. ఆస్టన్ మార్టిన్ వారి డీబీ 4 వంటి కార్లలో సన్నని ఉక్కు గొట్టముల పంజరముపై అల్యూమినియము రేకును తొడిగినారు. ఇటలీలోని టూరింగ్ కంపెనీవారి ఈ పద్ధతికి సూపర్‌లెజ్జేరా అని పేరు, అనగా మిక్కిలి తేలికైనది. తేలికదనము నిజమే. కాని ఉక్కు, అల్యూమినియము తాకేచోట, శీతకాలమున ఐరోపా దారులపై చల్లే ఉప్పు తడి చేరితే, అక్కడ ఒక వోల్టా ఘటము ఏర్పడుతుంది. పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు చేసే ఘటమే అది. రెండింటిలో చురుకైన లోహము అల్యూమినియము. అది క్షయించి తెల్లని పొడి అవుతుంది. పాడైన రేకును మార్చేటప్పుడు నేటి పనివారు లోహముల నడుమ విద్యుత్తును పోనివ్వని పొర వేస్తారు. కారఖానావారు ఇంత జాగ్రత్త తీసుకొనలేదు. ఇది జీర్ణోద్ధరణమా, రూపాంతరమా? అక్షరము పట్టుకొంటే రూపాంతరమే. కాని తెలిసి తెలిసి అదే రోగమును మరల పొదగడము ప్రామాణికత అనిపించుకోదు, మూర్ఖత అనిపించుకుంటుంది.

పెట్రోలు సంగతియు ఇటువంటిదే. పెట్రోలులో కలుపుటకు పనికివచ్చునని 1921 లో థామస్ మిడ్జిలీ గుర్తించిన టెట్రా ఈథైల్ లెడ్‌ను చాల దశాబ్దములు పెట్రోలులో కలిపినారు. దాని బూడిద, ఇంజనులోని ఇనుప కవాటపీఠములకు పలుచని కందెనవలె పనిచేసేది. సీసము విషము కనుక మానినారు. మన దేశమంతట 2000 సంవత్సరమునుండి సీసము లేని పెట్రోలే అమ్ముతున్నారు. అందుచేత మెత్తని పీఠములున్న పాత ఇంజనులకు గట్టి మిశ్రలోహపు పీఠములు బిగించక తప్పదు. బయటికి కనిపించని ఈ మార్పును ఎంత ఛాందసుడైనను ఆక్షేపించడు.

చారిత్రక వాహన సంఘముల అంతర్జాతీయ సమాఖ్య 1966 లో ఏర్పడినది. అది 2012 లో ట్యూరిన్ శాసనపత్రమును ఆమోదించినది. పురాతన కట్టడముల పరిరక్షణకై 1964 లో వెనిస్‌లో చేసిన శాసనపత్రము దీనికి మార్గదర్శి. ఊహ మొదలైనచోట పునర్నిర్మాణము ఆగిపోవలెనని వెనిస్ పత్రము కట్టడములకు విధించినది. ఆ దృష్టినే ట్యూరిన్ పత్రము కార్లకు అన్వయించినది. కారు తన పనికాలములో పొందిన మార్పులు దాని చరిత్రలో భాగములు. తరువాతి కాలములో చేయక తప్పని మార్పులు వెనుకకు తీయదగినవై ఉండవలెను. తీసిన భాగములను భద్రపరచవలెను.

ఈ నియమమునకు గట్టి పరీక్ష 2017 లో వచ్చినది. 1961 లో జెనీవాలో విడుదలై లోకమును ముగ్ధులను చేసిన ఈ టైపు కారు ఒకదానిలోనుండి జాగ్వార్ వారే ఆరు సిలిండర్ల ఇంజనును తీసివేసి, విద్యున్మోటారును, 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీని అమర్చినారు. బ్యాటరీ కొలతలు ఇంజను కొలతలకు సరిపోయేటట్లు చేసినందున మరల పాత ఇంజను పెట్టుకొనవచ్చును. కారు అసలు దానికన్న 46 కిలోలు తేలిక, ఇంకా చురుకు. అంతర్జాతీయ సమాఖ్య 2019 లో తన అభిప్రాయము చెప్పినది: ఇంజను మార్చిన కారు చారిత్రక వాహనము కాదు, యజమానికి అంత కోరిక ఉంటే పాత భాగములను దాచి ఉంచవలెను. గుండె మార్చిన కారును చూచి, ముఖము అదే కదా అని సరిపెట్టుకోవడానికి సమాఖ్య ఒప్పుకోలేదు. ఓల్డ్ నంబర్ వన్‌కు 1932 లో గుండె మార్చినవాడు దాని యజమాని బర్నాటోయే, పందెము కొరకే. ఇక్కడ భేదము కాలములోను, ప్రయోజనములోను ఉన్నది.

మన దేశములో ఈ ప్రశ్నకు చట్టము ఒక సమాధానము ఇచ్చినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము 50 సంవత్సరములు దాటి, చట్రములోను, తొడుగులోను, ఇంజనులోను గణనీయమైన మార్పు లేని వాహనములకే "వీఏ" అక్షరములతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ స్పోర్ట్స్ కారు కాకపోయినను, అటువంటివాటికి ఈ నిబంధన తగినదే. అక్షరశః వర్తింపజేస్తే మాత్రము కోటి పౌనుల బెంట్లీకి మన రవాణా కార్యాలయములో ఆ నంబరు పుట్టదు.

పెబుల్ బీచ్ పోటీలో 2024 ఆగస్టున ప్రథమ బహుమానము 1934 నాటి బుగాట్టి టైప్ 59 కు వచ్చినది. జీర్ణోద్ధరణము చేయని కారు ఆ బహుమానము పొందుట అదే మొదటిసారి. అయితే ఆ కారు మొదట ఉన్న రూపములో లేదు. 1934 లో అది గ్రాండ్ ప్రీ పందెపు కారు. బెల్జియం పందెములో డ్రేఫ్యూస్ దానితో గెలిచినాడు. తరువాత బుగాట్టి వారే దాని సూపర్‌చార్జరును తీసివేసి స్పోర్ట్స్ కారుగా మార్చినారు. 1938 లో బెల్జియం రాజు మూడవ లియోపోల్డు కొని, నల్లరంగు వేయించి, పసుపు గీత పెట్టించినాడు. పెచ్చులూడిన ఆ నల్లరంగుతోనే అది న్యాయనిర్ణేతల ముందు నిలిచినది. దానిని 1934 నాటి రూపమునకు తెచ్చి ఉండవలసినదని ఆ రోజున ఎవరును అనలేదు.